తలుపు బయట నాన్న చెప్పులు

తిరుపతి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు గానీ, ఉండే వీధి గానీ బయటపెట్టవద్దన్నారు. ముఖ్యమైన సంగతులు మాత్రం ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఏళ్ళు. ఒక లాడ్జిలో రిసెప్షన్‌లో పని, మధ్యాహ్నం రెండింటి నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. భర్త టాక్సీ నడుపుతాడు. కొండ దిగిన యాత్రికులను కాణిపాకం, శ్రీకాళహస్తి, వేలూరు తిప్పుకొస్తాడు కాబట్టి వారంలో మూడు నాలుగు రాత్రులు ఇంటికి రాడు. ఒక్కతే కూతురు, పదో తరగతి. రెండేళ్ళ కిందటి దాకా పిల్లకు అవ్వ తోడుండేది. అవ్వ పోయాక పాప బడి నుంచి వచ్చి తనే తాళం తీసుకుని, హాట్‌బాక్సులో ఉన్నది తిని, అమ్మ వచ్చేదాకా ఒక్కతే ఉంటోంది. తల్లి రోజూ ఏడింటికి ఫోన్ చేస్తుంది. "హోంవర్క్ అయిందా, గ్యాస్ కట్టేశావా, తలుపు గడియ పెట్టావా" అని అడిగి పెట్టేస్తుంది. ఆ వేళప్పుడు కౌంటర్ ముందు జనం నిలబడి ఉంటారు మరి.

బడి పత్రిక కోసం తెలుగు టీచరమ్మ పిల్లలను కథ రాయమంది. ఒక ఆదివారం దుప్పట్లు ఉతకడానికి తీస్తుంటే పాప నోట్‌బుక్ దొరికింది. తల్లి నిలబడినచోటే అంతా చదివేసింది. కథలో వెన్నెల అనే పదిహేనేళ్ళ పిల్ల. "అమ్మ దగ్గర నలభై గదుల తాళాలు ఉంటాయి, మా ఇంటి తాళం నా దగ్గర ఉంటుంది" అని మొదలవుతుంది. ఫోన్‌లో ఆడే ఆటలో పరిచయమైన ఒక 'అన్న' వెన్నెలకు రోజూ రాత్రి "తిన్నావా" అని మెసేజ్ పెడతాడు. కొన్నాళ్ళకు కపిలతీర్థం దగ్గరికి రమ్మంటాడు. వెన్నెల బ్యాగు సర్దుకుని బస్టాపులో నిలబడుతుంది. "బ్యాగుతో నిలబడితే ఈ ఊళ్ళో ఎవరూ ఎక్కడికని అడగరు" అన్న వాక్యం దగ్గర కథ ఆగిపోయింది. ముగింపు రాయలేదు.

తల్లి ఇలా రాశారు: "మధ్యలో ఒక మాట ఉంది మేడమ్. రాత్రి ఎనిమిది కాగానే వెన్నెల వాళ్ళ నాన్న పాత చెప్పులు తెచ్చి తలుపు బయట పెడుతుందట, ఇంట్లో మగమనిషి ఉన్నాడని అందరూ అనుకోవాలని. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి మా తలుపు బయట కూడా ఆయన పాత చెప్పులు ఉంటాయి. తెల్లారేసరికి లోపల ఉంటాయి. ఎందుకని నేను ఏనాడూ అడగలేదు."

భర్తకు చెబితే ఫోన్ లాక్కుని హాస్టల్లో వేసేద్దామన్నాడు. ఆడబిడ్డ మాత్రం కథల పుస్తకాలూ ఫోన్లూ పిల్లను చెడగొట్టాయని, మన కాలంలో ఇల్లంతా మనుషులే కాబట్టి ఈ గొడవలు లేవని అంటోంది. తల్లి అడుగుతున్నవి ఇవి: రాసింది కథా, నిజమా? చదివానని బిడ్డకు చెప్పాలా? ఉద్యోగం మానెయ్యాలా? చివర్లో ఇంకో ప్రశ్న రాసి కొట్టేశారు, అయినా కనిపిస్తోంది: "నా బిడ్డను నేనే గాలికొదిలేశానా?"

అమ్మా,

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండుసార్లూ ఆ చెప్పుల దగ్గరే ఆగిపోయాను.

చిత్తూరులో చాలా ఏళ్ళు తెలుగు పాఠం చెప్పాను. పిలకాయలు రాసిన కథలు కట్టలు కట్టలుగా దిద్దాను. ఆ వయసు పిల్లల కథల్లో తరచుగా తల్లి చనిపోయి ఉంటుంది, లేదా తండ్రి ఊరొదిలి వెళ్ళిపోయి ఉంటాడు. రాసిన పిల్లల అమ్మానాన్నలేమో పేరెంట్స్ మీటింగుకు నిక్షేపంగా వచ్చి నా ఎదుట కూర్చునేవారు. మొదట్లో కంగారుపడేదాన్ని. తర్వాత అర్థమైంది. పెద్దవాళ్ళు పక్కనుంటే కథ కదలదు. అమ్మ ఇంట్లో ఉండి "ఎక్కడికే బ్యాగు సర్దుతున్నావు" అని ఒక్క మాట అంటే వెన్నెల బస్టాపు దాకా వెళ్ళనే వెళ్ళదు. అందుకే కథ రాసే పిల్ల ముందుగా అమ్మను డ్యూటీకి పంపుతుంది, నాన్నను టాక్సీ ఎక్కిస్తుంది. ఆ తర్వాతే కథ మొదలుపెడుతుంది. కాబట్టి వెన్నెల వాళ్ళమ్మ చేసిన తప్పులన్నీ మీ లెక్కలో వేసుకోకండి.

అలాగని అంతా కల్పనే అని మిమ్మల్ని ఊరడించలేను. ఆటలో పరిచయమైన అన్న, రహస్యంగా రమ్మనడం, సర్దిన బ్యాగు, ఇలాంటివి ఈకాలం పిల్లలు వార్తల్లో వింటారు, బడిలో జాగ్రత్తలు చెప్పినప్పుడు వింటారు. వినికిడితో రాయగలిగిన సంగతులవి. చెప్పుల సంగతి అలా వినికిడితో రాదు. ఇంట్లో ఒక్కతే ఉండి, వరండాలో అడుగుల చప్పుడు వినపడి, ఏం చేయాలా అని ఆలోచించిన పిల్లకే తోస్తుంది. బ్యాగు గురించి రాసిన వాక్యమూ అలాంటిదే. పల్లెలో బ్యాగు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే నలుగురు ఆగి "యాడికి పోతా ఉండావు పాపా" అని అడుగుతారు. రోజూ వేలమంది వచ్చిపోయే తిరుపతిలో బ్యాగు లేకుండా కనిపించేవాళ్ళే తక్కువ, అక్కడ ఎవరు అడుగుతారు? మీ అమ్మాయి తన ఊరిని ఇంత శ్రద్ధగా చూసింది. దయచేసి ఏం జరిగినా ఈ పిల్ల చేత రాయడం మాత్రం మాన్పించకండి.

కథా నిజమా అని అడిగారు. మీరు తిరుపతిలో ఉన్నారు కాబట్టి మీకు సులభంగా తెలిసే పోలిక ఒకటి చెబుతాను. ఏటా మే నెలలో తాతయ్యగుంట గంగమ్మ జాతర చూస్తూనే ఉంటారు. కొత్తగా కాపురానికొచ్చిన ఆడపిల్లలను, వయసొచ్చిన కన్నెపిల్లలను ఒక పాలెగాడు చెరబడుతుంటే, అవిలాలలో పుట్టి కైకాలవారింట పెరిగిన గంగమ్మ వాడి అంతు చూడడానికి బయల్దేరిందని గదా మన పెద్దలు చెప్పే కథ. వాడు భయపడి దాక్కుంటే రోజుకొక వేషం కట్టి వెతికింది. బైరాగి, బండ, తోటి వేషాలు అయ్యాక, గంగమ్మ దొర వేషం కట్టేసరికి వాడు బయటికొచ్చి దొరికిపోయాడు. ఆడపిల్లల మీద జరిగే అఘాయిత్యాన్ని ఊరంతా కలిసి ఏటా వేషాలతో చెప్పుకుంటున్నాం. బండ వేషం కట్టినవాడు నోటికొచ్చినట్టు తిట్టినా ఆ రోజు ఎవరూ తప్పు పట్టరు. మామూలు రోజున అనలేని మాట వేషంలో అనొచ్చు. కథలు కూడా అందుకే రాస్తారు. మీ పాప వెన్నెల వేషం కట్టి, "సాయంత్రాలు నాకు భయమేస్తోంది" అన్న మాట చెప్పుకుంది. జాతరలో వేషం కట్టినవాణ్ణి ఆపి "నన్నెందుకు తిట్టావు" అని పంచాయితీ పెట్టరు గదా. మీరు కూడా "వెన్నెల వాళ్ళమ్మ నేనేనా" అని నిలదీయొద్దు. భయం సంగతి మాత్రం వినండి.

మీ ఆడబిడ్డ మాట గురించి కొంచెం గట్టిగానే చెప్పాలనుంది, ఎందుకంటే చాలా ఇళ్ళల్లో ఇదే మాట వింటున్నాను. ఇల్లు నిండా మనుషులున్నంత మాత్రాన పిల్లలు భద్రంగా ఉన్నారని కాదు. గురజాడ నాటకం 'కన్యాశుల్కం' మొదటిసారి అచ్చయింది 1897లో. అందులో అగ్నిహోత్రావధానులు ఇంట్లో ఎప్పుడూ నలుగురు మసులుతూనే ఉంటారు. భార్య ఉంది, విధవరాలైన పెద్దకూతురు బుచ్చమ్మ ఉంది, పసిది సుబ్బి ఉంది, చదువుకునే కొడుకు వెంకటేశం ఉన్నాడు. ఆ తండ్రి ధ్యాసంతా వ్యాజ్యాల మీద. పసిపిల్లను డబ్బు పుచ్చుకుని ముసలివాడికి కట్టబెట్టబోయినవాడు ఎవరో బయటివాడు కాదు, ఆ తండ్రే. గిరీశం గోడ దూకి రాలేదు, కొడుక్కి ఇంగ్లీషు చెప్పే గురువుగా వీధి గుమ్మంలోంచే వచ్చాడు. గురువూ శిష్యుడూ ఇంగ్లీషులో ఏవో నాలుగు ముక్కలు వల్లిస్తే అర్థం కాకపోయినా తల్లి మురిసిపోయింది. కొత్త చదువు పిల్లాడికి కావాలనుకున్నారు గానీ, అది ఎవడి చేతుల్లోంచి వస్తోందో చూసే తీరిక ఎవరికీ లేకపోయింది. చివరికి బుచ్చమ్మ అతని వెంట వెళ్ళిపోయింది.

ఆనాటి ఇంగ్లీషు చోట ఈనాడు ఫోన్ పెట్టి చూడండి. పిల్లలకు అది కావాలని మనమే కొనిస్తాం, అందులో ఏముందో మనకు సగం అర్థం కాదు, పాప అందులో ఏదో చకచకా చేస్తుంటే మన బిడ్డ తెలివైనదని మురుస్తాం. ఇప్పుడు మారింది ఏమిటంటే, పాతకాలపు పిల్లకు కనీసం పరిగెత్తి చెప్పుకోవడానికి ఒక అవ్వో మేనమామో ఉండేవాళ్ళు. సుబ్బిని కాపాడింది మేనమామ కరటకశాస్త్రే. అతను కూడా శిష్యుడికి ఆడవేషం కట్టించే పని సాధించాడు! మీ ఇంట్లో ఆ చోటు రెండేళ్ళుగా ఖాళీగా ఉంది. అవ్వ పోయిన దుఃఖం మీ దంపతులకు ఎంతో, పిల్లకు అంతకు రెట్టింపు. సాయంత్రం నాలుగు నుంచి పది దాకా ఆ పిల్ల లోకమంతా అవ్వే అయి ఉంటుంది. ఉత్తరంలో అవ్వ గురించి మీరు రాసింది ఒక్క వాక్యం.

కొట్టేసిన ప్రశ్నకు ఇప్పుడు జవాబు చెబుతాను. గాలికొదిలెయ్యలేదు. పాప ఫీజు కోసం, అద్దె కోసం మీరు నిలబడి పనిచేస్తున్నారు, రోజూ ఏడింటికి ఫోన్ చేస్తున్నారు. అయితే ఆ ఫోన్‌లో మీరు అడిగే మూడు ప్రశ్నలూ ఇంటి గురించి, పుస్తకాల గురించి. "తిన్నావా" అన్న నాలుగోది కథలో ఒక ముక్కూ మొహం తెలియనివాడు అడుగుతున్నాడు. ఎవరొచ్చినా మొదట ఆ మాటే అడిగే సీమ మనది. దాన్ని ఒక అపరిచితుడి నోట పెట్టింది మీ పాప. కథలో మీమీద ఫిర్యాదు ఏదైనా ఉందంటే నాకు ఇదొక్కటే కనిపించింది.

ఇక ఏం చేయొచ్చో చూద్దాం.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసింది ఆ 'అన్న' సంగతి. నోట్‌బుక్ ఊసెత్తకుండానే అడగొచ్చు. పక్కన కూర్చుని కూరగాయలు తరుగుతూనో, బండి మీద వెళుతూనో, ముఖంలోకి గుచ్చి చూడకుండా, "ఫోన్‌లో తెలియనివాళ్ళు ఎవరైనా మాట్లాడుతున్నారా? ఫొటోలు అడగడం, కలుద్దామనడం లాంటివి జరిగాయా? జరిగినా నిన్ను తిట్టను, ఫోన్ లాక్కోను" అని అడగండి. ఆ మాటిస్తే నిలబెట్టుకోవాలి. కాబట్టి మీ ఆయనతో ముందే మాట్లాడుకుని అడగండి. లేదని చెబితే రెండు వారాలు ఆగి ఇంకోసారి అడగండి. మొదటిసారి నిజం చెప్పే పిల్లలు తక్కువ.

ఒకవేళ అవునంటే కంగారులో మెసేజ్‌లు తుడిచెయ్యకండి, ఆ మనిషికి మీరు ఫోన్ చేసి తిట్టకండి. స్క్రీన్‌షాట్లు తీసి దాచండి. పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఏ వేళలోనైనా డబ్బు ఖర్చు లేకుండా ఫోన్ చేయొచ్చు. పద్దెనిమిది నిండని పిల్లలను లైంగిక దురుద్దేశంతో ఫోన్‌లో వెంటపడి వేధించినా పిల్లల మీద లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం కింద నేరమే. ఆ చట్టం ప్రకారం అలాంటి నేరం జరిగిందని తెలిసినవారు పోలీసులకు చెప్పి తీరాలి. టీచరైనా డాక్టరైనా, మీరైనా సరే, కడుపులో దాచుకునే వీలు లేదు. పరువు పోతుందని భయపడతారేమో. పాప పేరు, ఫొటో, బడి వివరాలు పత్రికల్లో రాకూడదని అదే చట్టం చెబుతోంది. వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, వీలైనంతవరకు మహిళా ఎస్సై రావాలి, యూనిఫాంలో రాకూడదు, పాప నమ్మే మనిషి పక్కన ఉండాలి. ఇవి తెలిసి వెళితే స్టేషన్ గడప అంత ఎత్తుగా కనిపించదు.

నోట్‌బుక్ చదివిన సంగతి చెబితే పాపకు కోపం వస్తుంది, కొన్నాళ్ళు మాట్లాడకపోవచ్చు, ఇకపై నోట్‌బుక్ మీ కంట పడనివ్వదు. చెప్పకపోతే ఇంట్లో ప్రశాంతంగానే ఉంటుంది. కానీ దిండు కింద పెట్టిన పుస్తకం ఏ వైపు తిప్పి పెట్టిందో ఆ వయసు పిల్లలకు బాగా గుర్తుంటుంది. ఇప్పటికే తెలిసిపోయిందేమో అని నా అనుమానం. మూడో దారి టీచరమ్మ ద్వారా కనుక్కోవడం. అమ్మా టీచరూ తన వెనక మాట్లాడుకున్నారని తెలిస్తే రాసింది నమ్మకంగా చూపించుకోవడానికి పాపకు ఇంకెవరూ మిగలరు, కాబట్టి పాప ప్రమాదంలో ఉందని గట్టిగా అనిపిస్తే తప్ప ఆ దారి వద్దు. నేనైతే చెప్పేస్తాను. "దుప్పటి తీస్తుంటే దొరికింది, అడగకుండా చదివాను, తప్పు చేశాను" అని మూడు ముక్కల్లో. "నీ మంచికే చదివాను" అని మాత్రం చేర్చకండి, క్షమాపణ అక్కడే చెడిపోతుంది.

మీ ఆయన భయం నాకు అర్థమవుతోంది. రాత్రిపూట రోడ్డు మీద స్టీరింగ్ పట్టుకుని ఉన్న మనిషికి ఈ మాట వింటే ఎలా ఉంటుంది? ఫోన్ లాక్కుంటే కొన్నాళ్ళు నిశ్చింత. కానీ నిజంగా ఎవడైనా ఉంటే స్నేహితురాలి ఫోన్‌లోంచి మాట్లాడుతుంది, మీకు తెలిసే దారి మూసుకుపోతుంది, ఏడింటి ఫోన్ కూడా ఉండదు. హాస్టల్ కొందరు పిల్లలకు బాగానే కుదురుతుంది, చుట్టూ తోటిపిల్లలు ఉంటారు. అయితే ఒంటరిగా ఉన్నానని రాసిన మర్నాడే పెట్టె సర్దితే, రాసినందుకు శిక్ష పడిందనే అనుకుంటుంది. పైగా పదో తరగతి మధ్యలో. మాట్లాడుకున్నాక ఆమే వెళ్తానంటే అప్పుడు ఆలోచించండి. ఇంకొకటి అడుగుతాను. మీరు ఆయనకు ఆటలో పరిచయమైన అన్న గురించి చెప్పారు, చెప్పుల మాట చెప్పారా? ఉత్తరం చూస్తే చెప్పినట్టు లేదు. చెప్పండి. తాను లేని రాత్రుల్లో తన పాత చెప్పులు కాపలా కాస్తున్నాయని ఆ తండ్రికి తెలియాలి. తెలిస్తే కాణిపాకంలో బండి ఆపినప్పుడల్లా ఎనిమిదింటికి ఒక వీడియో కాల్ చేస్తాడు, నాకు నమ్మకం ఉంది.

ఉద్యోగం మానేస్తే సాయంత్రాలు మీరు ఇంట్లో ఉంటారు, కానీ నెల తిరిగేసరికి అద్దె దగ్గర తడుముకోవాలి, ఆ మాటలు పాప చెవిన పడతాయి, తన కథ వల్లే అమ్మ పని పోయిందని లోలోపల కుమిలిపోతుంది. ముందు మేనేజరుతో మాట్లాడి, పరీక్షలయ్యేదాకా పొద్దుటి డ్యూటీ అడిగి చూడండి. మొత్తం కుదరకపోతే వారానికి మూడు రోజులైనా సరే. తక్కిన రోజులకు ఒక మనిషిని చూడండి. మీ ఆడబిడ్డకు పిల్ల మీద అంత దిగులుంది గదా, వారంలో రెండు సాయంత్రాలు వచ్చి కూర్చోమనండి, సలహాలివ్వడానికి కాదు, ఊరిబిండి నూరి సంగటి కెలికి పెట్టడానికి. పక్కింట్లో ఎవరైనా పెద్దావిడ ఉంటే తాళంచెవి ఒకటి ఆమె దగ్గర ఉంచండి. పాపకు నిద్ర పట్టకపోవడం, తిండి మానేయడం, అవ్వను తలచుకుని ఏడవడం లాంటివి గమనిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.

పాపకు వరండాలో అడుగుల చప్పుడు వినిపిస్తోందేమో, అయితే అవి ఎవరివో కూడా కనుక్కోవాలి. ఊరికే భయమో, లేక నిజంగా ఎవరైనా ఆ వేళకు తలుపు దగ్గర తచ్చాడుతున్నారో తెలియదు. ఆటలో అన్న కంటే నాకు దీని మీదే ఎక్కువ దిగులుగా ఉంది. ఇంటి ఓనరుతో మాట్లాడి వరండాలో లైటు వేయించడం, తలుపుకు లోపలి గొలుసు పెట్టించడం ఈ వారమే చేయదగిన పనులు.

కథకు ముగింపు ఏం రాయాలో పాపకు చెప్పకండి. వెన్నెల బస్సెక్కకూడదని మీకు ఉంటుంది, నాకూ ఉంది. అది ఆమెనే రాసుకోనివ్వండి.

ఈ రాత్రి డ్యూటీ నుంచి వచ్చాక తలుపు బయట ఉన్న చెప్పులు మీరే చేతుల్లోకి తీసుకుని లోపలికి వెళ్ళండి. పాప మెలకువగా ఉంటే చూస్తుంది. అప్పుడు "ఎందుకు పెట్టావు" అని అడగొద్దు. "ఎప్పటి నుంచి పెడుతున్నావమ్మా" అని అడిగి, పక్కన కూర్చోండి.